ఒకటి పాయింట్ మూడు

జర్మనీలో ప్రొఫెసర్లకే పరీక్ష పెట్టి, ముగ్గురిని ఫెయిల్ చేసి వచ్చిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. ఆమె బొగ్గు గనుల సెంటినరీ కాలనీ మమత. నమ్మకపోతే కాలనీలో అడిగి చూడండి, ముగ్గురు కాదు ఐదుగురంటారు.

గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే రాయమల్లు బిడ్డ ఆమె. నాన్న దిగే గనుల గురించే చదువుతానని మొండిపట్టు పట్టి, జర్మనీలో మైనింగు మాస్టర్స్ చేసి వచ్చింది. ఫైనల్ గ్రేడు 1.3. అక్కడ ఒకటి అన్నిటికన్నా పైది, నాలుగు దాటితే ఫెయిలు.

ఈ సంగతి బొగ్గు ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. జీ-వన్ మేలురకం బొగ్గనీ, జీ-సెవెంటీన్ నాసిరకమనీ పాలమ్మే పూలమ్మకు కూడా తెలుసు. "ఒకటి చిల్లరనా? అంటే నా బిడ్డ జీ-వన్ అన్నట్టు!" అని రాయమల్లు క్వార్టర్ల వరసంతా మిఠాయి పంచాడు. అంత అలవాటైన లెక్క కాబట్టే మమత రెజ్యూమేలో వట్టి 1.3 అని రాసి, ఆస్ట్రేలియాలోని ఒక గని కంపెనీకి పంపింది. అక్కడే కొంప మునిగింది.

వీడియో ఇంటర్వ్యూ నాడు, దేశానికి కరెంటు పంచే ఊళ్లో ఆమె ఇంటికే కరెంటు లేదు. గోదావరిఖనిలో మేనబావ ముత్యం నడిపే నెట్ సెంటరుకు పరుగెత్తింది. మెయిలు తెరిస్తే కంపెనీవాళ్ల మాట ఇది: 'మా గ్రేడ్లు ఏడుకు లెక్క. నాలుగైనా ఉండాలి. మీది 1.3 అని ఇప్పుడే గమనించాం. కాల్ సమయంలోగా సరైన రెజ్యూమే పంపకపోతే ఇంటర్వ్యూ రద్దు.' చేతిలో అరగంట కూడా లేదు.

ముత్యం కుర్చీ లాక్కుని టకటకా కొట్టేశాడు. "గింతదానికి ఫికరెందుకే? 6.8 అని ఏసిన. పంపు జల్ది!"

"గా లెక్క ఎట్లొచ్చింది బావా?"

"ఎట్లనో వచ్చింది. నీ మొఖానికి తగ్గ నంబరు చూసి ఏసిన."

"మెమోల 1.3 ఉంటది గదా. పక్కపక్కన పెట్టి చూస్తే?"

"ఎవడు చూస్తడే? ఆళ్లకు కంగారూలను లెక్కపెట్టనీకే టైం సాల్తలేదు!"

మమత నవ్వలేదు. వేలు మౌస్ మీదే ఉంది. 6.8 పంపితే కాల్ ఖాయం. కానీ ఎలా వచ్చిందని ఒక్క మాట అడిగితే జవాబు లేదు. గనిలో గ్యాస్ రీడింగు బాగోలేదని ఎవరూ నచ్చిన అంకె రాసుకోరు. అలా రాస్తే, గ్యాసు అంటుకున్న నాడు లోపల ఉండేది నాన్నలాంటి వాళ్లే.

అంకె చెరిపేసింది. 1.3 అని మళ్లీ కొట్టి, పక్కనే రాసింది: జర్మన్ స్కేలు, 1.0 అత్యుత్తమం, 4.0 పాస్. గ్రేడ్ల అర్థం వివరిస్తూ యూనివర్సిటీ ఇచ్చిన పత్రాన్ని జత చేసి పంపేసింది.

"పాయె! నోటికాడి బుక్కను కాలితో తన్నినవ్," ముత్యం తల పట్టుకున్నాడు.

సమయం దాటింది. తెర నల్లగానే ఉంది. మమత కుర్చీ అంచున బిగుసుకుని కూర్చుంది. ముత్యం గోళ్లన్నీ అయిపోయి పెన్ను మూత కొరకసాగాడు.

చివరికి కంపెనీవాళ్లు ముగ్గురు తెరమీదకొచ్చారు. మొదటి ప్రశ్నే అది: "మా స్కేలుకు మీరే మార్చి రాయొచ్చు కదా?"

"మార్చుకుంటే అది యూనివర్సిటీ ఇచ్చిన గ్రేడు కాదు, నేను వేసుకున్న గ్రేడవుతుంది," అంది మమత.

నడిమాయన లేచి తెరమీంచి వెళ్లిపోయాడు. ఆయన తిరిగొచ్చి కూర్చుని, గని కప్పు పగుళ్లివ్వడాన్ని ముందే ఎలా కనిపెడతారని అడిగాడు. ఇక ఆమెను ఆపడం ఆ ముగ్గురి తరం కాలేదు.

పొద్దుగూకేసరికి ముత్యం కాలనీలో జనాన్ని పోగేసి చెబుతున్నాడు. "దాని జవాబుకు ముగ్గురు దొరలు లేచి సలాం గొట్టిండ్రు! విమానం టికెట్ రేపో మాపో!"

మమత అటుగా వెళ్తూ ఆగింది. "సలాం ఎవ్వలు గొట్టలే. ఒకాయన నీళ్లు తాగనీకి లేచిండు. వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉన్నదన్నరు, గంతే."