రాకముందే రాసిన రీడింగ్

పొద్దున పనిమనిషి బాత్రూములో యాసిడ్ పోసి రుద్దుతోంది. ఆ ఘాటుకు అందరికీ దగ్గు వస్తుంది. నాకు మాత్రం కోపం వస్తుంది. వరంగల్‌లో నేను కెమిస్ట్రీ చదివిన రెండు ల్యాబులు, వాటిలో ఇద్దరు సార్లు గుర్తొస్తారు. ఒకాయన, డిగ్రీ సార్, ముద్దుగా చూసి ముంచారు. ఇంకొకాయన, ఖలీల్ సార్, ఏడిపించి ఒడ్డున పడేశారు. ఇద్దరి మీదా కోపమే.

మాది తొర్రూరు దగ్గర పల్లె. డెబ్బైల్లో మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. మా డిగ్రీ సార్ ప్రయోగం మొదలు కాకముందే బోర్డు మీద రీడింగులు రాసేసేవారు. పది పాయింట్ రెండు, పది పాయింట్ ఒకటి, మళ్ళీ పది పాయింట్ ఒకటి. మేము బుద్ధిగా రికార్డులోకి ఎక్కించేవాళ్ళం. ఆయన ఎర్ర సిరాతో ‘గుడ్’ అని రాసేవారు. అలా మూడేళ్ళు గడిచి ఫస్ట్ క్లాసు వచ్చింది, ఎమ్మెస్సీలో సీటూ వచ్చింది. నాన్న ఒకే మాట అన్నాడు.

“ఒక్క పరీక్ష తప్పినా పెట్టె సదురుకొని రావాలె బిడ్డా. మల్ల పంప.”

ఎమ్మెస్సీ మొదటి ప్రాక్టికల్ రోజు బోర్డు ఖాళీగా ఉంది. సార్ మరిచిపోయారనుకుని, చుక్కలుగా వదిలి కొలిచే గాజు గొట్టం, బ్యూరెట్, నింపి, నాకు నోటికొచ్చిన అంకెలే రాసేశాను. ఖలీల్ సార్ వచ్చి నా వెనక నిలబడ్డారు.

“బ్యూరెట్ నిండుగనే ఉంది. రీడింగ్ యాడికెల్లి వచ్చింది బేటీ?”

ల్యాబంతా నవ్వింది. ఆయన ఆ కాగితం చింపి నా చేతిలోనే పెట్టారు. రేపటి నుంచి గంట ముందు రమ్మన్నారు. నెల రోజులు వెళ్ళాను. ఏమీ చెప్పేవారు కాదు, పక్కన నిలబడి “మళ్ళ చెయ్” అనేవారు, అంతే. ఒళ్ళు మండిపోయేది. తప్పితే ఇంటికేనని గుర్తొచ్చి ఏడుపొచ్చేది.

ఒకరోజు ఉండబట్టలేక మా పాత కాలేజీకి వెళ్ళి డిగ్రీ సార్‌నే అడిగాను, మాకెందుకు నేర్పలేదని. ఆయన నొచ్చుకోలేదు, చాయ్ తెప్పించారు.

“అరవై మందికి నాలుగు బ్యూరెట్లుండె బిడ్డా. అందరు పాసు కావాలె గద.”

“పాసైనం సార్. పాసే అయినం” అన్నాను. చాయ్ ముట్టకుండా వచ్చేశాను.

మర్నాడు ఆ కోపమంతా ఖలీల్ సార్ మీద వెళ్ళగక్కాను. డిగ్రీ అల్కగ, సులువుగ ఉండె, పీజీ చంపుతోందన్నాను.

“డిగ్రీ అల్కగ లేదు, నువ్వు సదువనే లేదు. ఇప్పుడు రెండు సదువులు ఒక్కతాన సదువుతున్నవ్. కష్టం గాక ఏమైతది?” అన్నారాయన.

ప్రాక్టికల్ పరీక్షలో, ఒకేలా రావాల్సిన నా మూడు రీడింగులూ మూడు రకాలుగా వచ్చాయి. పక్క టేబుల్ అమ్మాయి అంకెలు నాకు కనపడుతూనే ఉన్నాయి. దిద్దడానికి ఒక్క క్షణం చాలు. నాన్న మాట చెవిలో మోగుతున్నా, వచ్చినవే రాశాను. బొటాబొటీగా పాసయ్యాను, ఫస్ట్ క్లాసు పోయింది. నిజం రాసినందుకు ఇదా ఫలితమని ఖలీల్ సార్‌నే నిలదీశాను.

“చెయ్యి కుదరనందుకు మార్కులు పొయినయ్. అబద్ధం రాయనందుకు మార్కులుండయి బేటీ. నిజం రాసుడు ఎట్లైన ఉండాలె.”

ఓదార్పుగా ఒక్క మాటైనా అనలేదు మహానుభావుడు. అది నేనింకా క్షమించలేదు.

తర్వాత నేనూ డిగ్రీ కాలేజీలోనే పాఠాలు చెప్పాను. రిటైరయ్యేదాకా బోర్డు మీద ఒక్క రీడింగూ రాయలేదు. నలుగురేసి పిల్లల్ని పిలిచి, చీకటి పడినా సరే, అందరి చేతా చేయించాను. పీజీ కన్నా నా దగ్గర డిగ్రీయే కష్టమని వాళ్ళు ఇప్పటికీ తిట్టుకుంటారట. తిట్టుకోనీ.