చెయ్యి అందని మచ్చ

నా వీపు మీద, రెక్కల ఎముకల నడుమ బెత్తెడు పొడుగున ఒక మచ్చ ఉంది. అక్కడ కొవ్వుగడ్డ ఉంటే కోసి తీశారు. గడ్డ పోయింది, సంతోషం. కుట్లు విప్పిన నెలకి కోసిన గీత ఉబ్బడం మొదలెట్టింది. ఎర్రగా, బండగా, జాకెట్టు తగిలితే చాలు ఒకటే దురద. ఆఫీసులో కుర్చీ చెక్కకి వీపు రాసుకుంటుంటే ఎదుటి సీటాయన తల పక్కకి తిప్పుకునేవాడు. పెద్దమనిషి, పాపం.

ఎస్.కోట నుంచి బస్సెక్కి, సీటుకి ఆనుకోలేక వంగి కూర్చుని, విజయనగరంలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చిన్నపిల్ల. మచ్చని నొక్కి చూసి సిలికాన్ జెల్ రాసిచ్చింది. రెండుపూటలా పదేసి నిమిషాలు గట్టిగా నొక్కి రుద్దాలంది. మూడు నెలల్లో మెత్తబడితే సరి, లేకపోతే ఆ మచ్చలోకే సూదులు వెయ్యాలట, నెలకోసారి. సూదంటే చిన్నప్పటి నుంచీ నాకు పై ప్రాణాలు పైనే పోతాయి. ఆ మాట దగ్గరే ఉండిపోయాను, ఆవిడ ఇంకేదో అడుగుతోంది.

"వీపు కదా, మీకు అందదు. ఇంట్లో ఎవరు రాస్తారు?"

"మా అప్ప," అన్నాను.

అక్కని మా వైపు అప్ప అంటాం. మా అప్ప పోయి మూడేళ్లు. భర్త పోయాక నా దగ్గరికి వచ్చేసింది, ఇరవై ఏళ్లు ఇద్దరం ఒకే వంటింట్లో పోట్లాడుకుంటూ బతికాం. అబద్ధం ఎందుకాడానంటే, ఒక్కదాన్నే ఉంటానని చెప్పగానే ఎదుటివాళ్ల మొహంలోకి ఒక జాలి వస్తుంది. అది నాకు పడదు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగేదాకా ఆ జాలి ఊరుకోదు కూడా. గట్టిగా రుద్దమని అక్కగారికి చెప్పండి అంది డాక్టరమ్మ. చెబుతానన్నాను.

ఇంటికొచ్చి తలుపేసుకుని మొదలెట్టాను. భుజం మీంచి చెయ్యి వేస్తే మచ్చ పై కొస తగులుతుంది. కిందనుంచి మెలితిప్పితే కింది కొస. నడుమ మాత్రం ఎటునుంచీ అందదు. అట్లకాడకి గుడ్డ చుట్టి చూశాను, జారిపోయింది. జెల్ పూసిన వీపుని, గేదె గుంజకి రాసుకున్నట్టు, గుమ్మానికేసి రాశాను. జెల్ గుమ్మానికి అంటింది. గుమ్మమేమీ మెత్తబడలేదు.

పక్కింటావిడని అడగొచ్చు. పెరుగు తోడుకి అడుగుతాను, తాళంచెవి దాచమని అడుగుతాను. జాకెట్టు విప్పి కూర్చుని, రోజూ రెండుపూటలా నా వీపు రుద్దమ్మా అని మాత్రం ఎలా అడగను? అది సొంతమనిషిని అడగాల్సిన పని. అప్ప పోయినప్పుడు ఇంటినిండా జనం, ఏడవడానిక్కూడా తీరిక లేదు. దిక్కులేనిదాన్నయిపోయానని నాకు తెలిసింది ఈ మూడు నెలల్లోనే. ఆదివారం తలంటికి అప్ప నా వీపు రుద్దేది. నేను మెలికలు తిరుగుతుంటే "కదలకే, తిన్నగా కూకో" అని ఒక్కటి చరిచేది. ఆ చేతికి నా తోలు ఊడొస్తుందని గొణిగేదాన్ని.

గడువు అయ్యాక మళ్లీ వెళ్లాను. నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. నలభై కూడా దాటని నర్సు జాకెట్టు పక్కకి పట్టుకుంది. డాక్టరమ్మ పైనుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చి విసుక్కుంది.

"పైనా కిందా బాగానే మెత్తబడింది. మధ్యలో అసలు చెయ్యే పడలేదు. మీ అక్కగారు ఏదో మొక్కుబడిగా కానిచ్చేస్తున్నట్టున్నారు."

నన్నేమన్నా పడేదాన్ని. మా అప్పకి మొక్కుబడి పనా? గిన్నె తోమితే గిన్నె అరిగిపోవాల్సిందే ఆవిడకి. నాకు ఒళ్లు మండిపోయింది.

"మా అప్పనేం అనకండి. ఆవిడ రుద్ది ఉంటే ఈపాటికి మచ్చే ఉండేది కాదు. ఆవిడ పోయి మూడేళ్లయింది."

గోడవైపు ఉన్నాను కాబట్టి వాళ్ల మొహాలు చూడాల్సిన పని తప్పింది. తర్వాత డాక్టరమ్మ మెల్లగా, సూది తప్పదండీ అంది. ముందు నొప్పి తెలియకుండా క్రీము రాయమని నర్సుకి చెప్పి పక్కగదిలోకి వెళ్లిపోయింది.

నర్సు వేళ్లు సరిగ్గా ఆ నడిమి చోట పడ్డాయి. కోడిపిల్లని నిమిరినట్టు రాస్తోంది. ఇంకాస్త గట్టిగా రుద్దమన్నాను.

"గట్టిగా రుద్దితే నొప్పెడతాది కదేటమ్మా."

"పెడితే పెట్టనీ అప్పా," అన్నాను.

నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. నా భుజం పట్టుకుని గట్టిగా రుద్దింది.