ఆదికి పెట్టిన పాత కురుంగ్

కత్తెర చప్పుడు మారింది. ఒక్క గుడ్డ తెగుతున్న చప్పుడు కాదది. రొకియా చేయి అక్కడే ఆగిపోయింది.

కింద రంజాన్ పండక్కి కొన్న ఆకుపచ్చ గుడ్డ. దాని మీద ఆదికి పరిచిన పాత నీలం కురుంగ్. ఆ పొడుగు చొక్కా అంచు బొటనవేలంత మేర తెగి, నోరు తెరుచుకుని చూస్తోంది.

అది హస్నీదా వాళ్లమ్మ కుట్టింది. మెడ చుట్టూ మలుగుచేప వెన్నెముకలా అల్లుకుపోయిన చేతికుట్టు ఉంది. ఆ కురుంగ్ కుట్టిన ఏడాదే ఆమె పోయింది.

రొకియా బకార్‌ను చేసుకుని, ఆ పిల్లకు పిన్నిగా మలేషియాలో మువార్ నది పక్కనున్న ఈ ఇంటికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. పెళ్లికి ముందంతా బట్టల ఫ్యాక్టరీలో ప్యాంట్లకు జేబులు కుట్టింది. జేబు వెనక జేబు, అంతే. పూర్తి బట్ట ఒక్కటీ ఆమె చేతిమీదుగా తయారు కాలేదు. అయినా ఇంటిల్లిపాదీ ఒకే రంగు కట్టే పండగ కదా అని, పిల్లది తనే కుడతానని పూనుకుంది. పిల్లేమో టేపును ఒంటికి తగలనివ్వలేదు. "నాకు నీలందే చాలు," అంది. అందుకే ఇవాళ హస్నీదా మేనత్త జైనొన్ ఇంటికి, కెతుపాట్ అన్నం పొట్లాలకు ఆకులు అల్లడానికి వెళ్లగానే, రొకియా అడక్కుండా బీరువా తీసింది.

"ఏమ్మా, అయిందా?" మెట్ల మీద నుంచే గొంతు వినపడింది. ఆడపడుచు జైనొన్ వచ్చింది. రొకియా చటుక్కున నీలం కురుంగ్‌ను ఆకుపచ్చ గుడ్డ కిందికి తోసింది.

"అవుతోంది వదినా."

"జేబులెన్ని పెట్టావేంటి?" అలవాటైన ఎగతాళే. ఆకుల కట్ట కింద పడేసి, జైనొన్ గొంతు తగ్గించింది. "రేపు ఫొటోలో అది ఒక్కతే నీలంగా నిలబడిందనుకో, పిన్ని దానికి గుడ్డ మిగల్చలేదంటారు. నేనంటానని కాదు, ఊరి నోరు సంగతి చెబుతున్నా. పిల్ల వెనకాలే వస్తోంది."

జైనొన్ వెళ్లిపోయింది. రొకియా నీలం దారం వెతికి సూదిలోకి ఎక్కించబోయింది. రెండుసార్లు తప్పింది. సన్నగా కుడితే కనపడదు. కానీ రేపు ఆ పిల్ల వేసుకునేది ఇదే. చేత్తో తడుముకుంటే తెలిసిపోదూ?

"అది నాది."

హస్నీదా గుమ్మంలో నిలబడి ఉంది.

"నీదే," అంది రొకియా. "ఆదికని తీశాను. నిన్ను అడగలేదు. కత్తెర తగిలింది."

పిల్ల వచ్చి కురుంగ్ లాక్కుంది. తెగిన చోట వేలు పెట్టి చూసింది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

రొకియా పొయ్యి మీద మాంసాన్ని కలిపింది. అడుగంటుతోందో లేదో కూడా ఆమెకు తెలియలేదు. బకార్ వచ్చి అడిగితే ఏం చెప్పాలి? ఈ ఇంట్లో ఇంక ఆ పిల్ల తన వంక చూస్తుందా?

తలుపు తెరుచుకుంది. హస్నీదా నీలం కురుంగ్ వేసుకుని వచ్చింది. అది మోకాళ్ల దాకా కూడా రాలేదు. చేతులు కర్రల్లా పక్కకు నిలబడ్డాయి.

"చూడు, చెయ్యి లేవదు. చంక కింద పట్టేస్తుంది. పోయిన నెలే చూసుకున్నా. ఎవరికీ చెప్పలేదు."

రొకియా కోసిన ముక్కల వైపు చూసింది. పక్కల్లో అంచనాగా వదులు పెట్టింది గానీ, చంక కింది చదరపు ముక్కల్ని మాత్రం ఈ ఆది ప్రకారమే కోసింది. ఆకుపచ్చ గుడ్డలో మిగిలినవి పీలికలే. వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూసింది. చాలవు.

"ఇది కూడా పట్టేస్తుందా?" అంది పిల్ల.

"ముక్కలు పెద్దవి కావాలి. గుడ్డ లేదు."

హస్నీదా తెగిన అంచు పట్టుకుని చూపించింది. "ఇందులోంచి తియ్యి."

"దీంట్లోంచా?"

"ఎలాగూ కోశావుగా. అంచు నుంచి తియ్యి. మెడ జోలికి పోకు."

ఆ పిల్ల మొహం పక్కకు తిప్పుకుని చెయ్యి ఎత్తగలిగినంత ఎత్తింది. రొకియా టేపు అందుకుంది.

"గట్టిగా పట్టుకో, జారుతోంది," అంది పిల్ల.

"కుడితే వేసుకుంటావా?"

"చెయ్యి లేస్తే చూద్దాం."

పండగ పొద్దున రొకియా ఏ పని చేస్తున్నా కళ్లు గది తలుపు మీదే. అందరూ అరుగు మీదికి చేరారు. బకార్ రెండుసార్లు పిలిచాడు. చివరికి హస్నీదా ఆకుపచ్చ కురుంగ్‌లో వచ్చి, ఎవరినీ చూడకుండా వరసలో నిలబడింది.

ఫొటోకు ముందు తలగుడ్డ సర్దుకోవడానికి పిల్ల చెయ్యెత్తింది. చంక కింద నీలం తళుక్కుమంది.

"అదేమిటే, గుడ్డ చాల్లేదా?" అంది జైనొన్.

రొకియా ఏదో చెప్పబోయింది.

"అది జేబు, అత్తా," అంది హస్నీదా. "పిన్ని పెట్టింది."