అన్సెల్మో సెలవడిగిన ఆదివారం

అన్సెల్మో కటిగ్బాక్ నోట్లో నాలుక లేని మనిషి. ఆవు కుంటుతుంటే అర మైలు దూరం నుంచే ఏ కాలో చెప్పేస్తాడు గానీ, ఎదురుగా నిలబడి "నాకిది కావాలి" అనమంటే చెమటలు పడతాయి. అలాంటివాడికి నలభై మూడేళ్ళ వయసులో, న్యూజీలాండ్ దక్షిణపు కొసన, దేవుడు పెట్టిన పరీక్ష చూడండి: లిండ్సే గిల్‌క్రిస్ట్ దగ్గరికి వెళ్ళి "బాస్, నేను వేరే చోట పనికి వెళ్తున్నాను" అని చెప్పాలి.

ఫిలిప్పీన్స్‌లో బతాంగాస్ అతనిది. మొదట ఏడేళ్ళు సౌదీలో ఒక డెయిరీలో చేశాడు. అక్కడ అతని పాస్‌పోర్టు సూపర్‌వైజరు సొరుగులో ఉండేది. తర్వాత ఈడెన్‌డేల్ దగ్గర లిండ్సే డెయిరీకి వచ్చాడు. వచ్చిన రోజే అలవాటుకొద్దీ పాస్‌పోర్టు తీసి బాస్ చేతిలో పెట్టబోయాడు. "నాకెందుకయ్యా ఇది? నీ దగ్గరే ఉంచుకో," అన్నాడు లిండ్సే. ఆరేళ్ళయినా అన్సెల్మో ఆ మాట మరచిపోలేదు.

లిండ్సే డెబ్బైకి దగ్గరపడ్డ రైతు. ఆయన మెచ్చుకుంటే "పర్లేదు" అంటాడు. అంతకు మించిన మాట కట్టుకున్న పెళ్ళాం కూడా విని ఎరగదు. ఫారాలంటే ఆయనకు ఒళ్ళు మంట. అయినా అన్సెల్మోకు శాశ్వత నివాసం ఇప్పించడానికి, కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకుని, ఒక చలికాలమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫారాలు నింపాడు. జనవరిలో మంజూరైంది. పాత వీసా మీద లిండ్సే డెయిరీ పేరుండేది, అక్కడ తప్ప ఇంకెక్కడా పని చేయకూడదని. కొత్త కాగితంలో ఆ పేరు లేదు. అన్సెల్మో రెండుసార్లు వెతికాడు. గంతులేయాల్సిన మనిషికి ఏదో పారేసుకున్నట్టు అనిపించింది.

మార్చిలో వింటన్ అనే ఊళ్ళో ఒక డెయిరీ యజమానురాలి నుంచి కబురొచ్చింది. ఎనిమిది వందల ఆవులు, మేనేజరు పని, నాలుగు గదుల ఇల్లు. ఇక్కడ ఉన్నవి రెండు గదులు. అందులో తను, భార్య నెనీటా, ముగ్గురు ఆడపిల్లలు. పెద్దపిల్ల బట్టలుతికే మెషిన్ పక్కన కూర్చుని చదువుకుంటోంది. ఆ ప్రాంతంలో డెయిరీ వాళ్ళు చోటు మారేది జూన్ ఒకటినే, నెల ముందుగా చెప్పాలి. ఏప్రిల్ సగం గడిచిపోయింది.

"చెప్పావా?" అని రోజూ అడిగేది నెనీటా.

"ఇవాళ పంపు చెడింది. ఆయన చిరాకుగా ఉన్నాడు."

"నిన్న వాన. మొన్న ఆవు గిట్ట. రేపేం చెడుతుందో అది కూడా ఇప్పుడే చెప్పెయ్."

"ఎలా చెప్పమంటావే? తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు ఉంటుంది."

"వాసాలొద్దు, గదులు లెక్కపెట్టు. రెండే కదా, తొందరగా అయిపోతుంది."

నోటితో చెప్పలేనిది చేతులతో చెప్పబోయాడు పిచ్చి మనిషి. గేట్లన్నిటికీ నూనె పెట్టాడు. అడక్కుండానే షెడ్డుకు సున్నం వేశాడు. చివరికి, వాళ్ళ ఊళ్ళో పెద్ద మాట ఏదైనా అడగాలంటే ఎలా వెళ్తారో అలాగే, ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా, భార్యాపిల్లలతో, పెద్ద పళ్ళెం నిండా పన్సిత్ నూడుల్స్ పట్టుకుని బాస్ ఇంటి వెనక తలుపు తట్టాడు.

తలుపు తీసిన లిండ్సే భార్య నోలీన్ అయిదుగురినీ చర్చి బట్టల్లో చూసి హడలిపోయింది. "ఎవరైనా పోయారా నాయనా?"

"లేదు మేడం. ఊరికే. భోజనానికి."

అందరూ తిన్నారు. అన్సెల్మో వాన గురించి మాట్లాడాడు, ఎనభై మూడో నంబరు ఆవు గురించి మాట్లాడాడు, వాన గురించి మళ్ళీ మాట్లాడాడు. బల్ల కింద నెనీటా మోకాలు రెండుసార్లు తగిలింది. అతను ఇంకాస్త నూడుల్స్ వడ్డించుకున్నాడు.

లిండ్సే పళ్ళెం పక్కకు జరిపాడు. "నూడుల్స్ పర్లేదు. ఇక వింటన్ సంగతి నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా?"

అన్సెల్మో చటుక్కున నెనీటా వైపు చూశాడు.

"ఆ వింటన్ ఆవిడే ఫోన్ చేసిందయ్యా. నువ్వెలాంటివాడివో నన్నడక్కుండా ఎట్లా తీసుకుంటుంది? మూడు వారాలైంది. పాలు పితికే చోట నీ మొహం చూసి, ఇవాళ చెప్తాడు, ఇవాళ చెప్తాడు అనుకుంటున్నా. నువ్వేమో సున్నం వేస్తున్నావు."

"కోపం వచ్చిందా బాస్?"

"వచ్చింది. పోతున్నందుక్కాదు, చెప్పడానికి భయపడ్డందుకు. నేనేమన్నా నీ పాస్‌పోర్టు దాచుకున్నానా?"

ఆ మాటతో అన్సెల్మోకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పిల్లల ముందు, నూడుల్స్ పళ్ళెం ముందు, హాయిగా ఏడ్చేశాడు. కాసేపటికి ముక్కు తుడుచుకుని అడిగాడు: "ఆవిడకేం చెప్పారు?"

"పర్లేదు అన్నా."

"అబద్ధం," అంది నోలీన్. "అరగంట మాట్లాడాడు. నాకంటే బాగా నడుపుతాడు, నాదీ పూచీ అన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో నా గురించి అరనిమిషం మాట్లాడింది లేదు."

లిండ్సే లేచి టీకి నీళ్ళు పెట్టాడు.

జూన్ ఒకటిన కారు వెనక పరుపులు కట్టుకుని బయల్దేరారు. ఆరేళ్ళుగా లిండ్సే బండి నడిపితే దిగి గేటు తీసేది అన్సెల్మో. ఆ పొద్దున గేటు దగ్గర లిండ్సే ముందే నిలబడి ఉన్నాడు, గేటు బార్లా తీసి పట్టుకుని. కారు దాటుతుంటే పైకప్పు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

రోడ్డు మీద ఎవరివో ఆవులు ఊరు మారుతూ అడ్డంగా నడుస్తున్నాయి. అన్సెల్మో కారాపాడు. ఫోన్ మోగింది. ఫిలిప్పీన్స్‌లోనే ఇలోయిలో అనే ఊరి అమ్మాయి, సౌదీ డెయిరీలో చేస్తోందట, లిండ్సే దగ్గర పనికి అడిగిందట.

"అన్నా, ఆ బాస్ ఎలాంటివాడో మీరు చెప్తారని ఫోన్ చేశాను."

"మాట గరుకు. భయపడకు. పర్లేదు అన్నాడంటే పండగ చేసుకో. నీ పాస్‌పోర్టు నీ దగ్గరే ఉంటుంది."

"అంత మంచివాడైతే మీరెందుకు వెళ్ళిపోతున్నారన్నా?"

అన్సెల్మో వెనక అద్దంలోకి చూశాడు. గేటు ఇంకా మూయలేదు.

"నేను పెద్ద డెయిరీ నడపగలనని ఆయన అవతలివాళ్ళకు మాటిచ్చాడమ్మా," అన్నాడు. "ఆ మాట నిలబెట్టాలి కదా."