సూర్యుడి మీద లేని మచ్చ

ఆ వేధశాలలో అందరూ ఆవిడను మచ్చల మేడమ్ అంటారు. దూరదర్శిని కింద పరిచిన కాగితం మీద పళ్ళెమంత సూర్యబింబం పడుతుంది. అందులోని మచ్చలను పెన్సిలుతో గీసి, కింద సంతకం పెట్టడం ఆవిడ ఉద్యోగం. పెళ్ళైన కొత్తలో పట్టిన పెన్సిలు ఇంకా దించలేదు.

పక్కగదిలో సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే యంత్రం ఉంది. దాన్ని చూసుకునేది ఆవిడ సొంత మరిదే. సూర్యుడి లోపల మెలిపడ్డ క్షేత్రం ఉబికి పైకొస్తుందనీ, బయటపడ్డ చోట కింది వేడిని రానివ్వక ఆ మేర నల్లబడుతుందనీ, అలా పుట్టిన మచ్చలు పెరిగి, ఒకదానికొకటి ఎడమై, చివరికి ముక్కలై చెదిరిపోతాయనీ ఆవిడకు చెప్పింది అతనే. మచ్చ కనబడకముందే దాని జాడ తనకు దొరుకుతుందని అతని గొప్ప. కంటితో చూడనిది అదేం చూడటమని ఆవిడ ఎత్తిపొడుపు. ఇద్దరికీ క్షణం పడదు. అలాగని టీ మాత్రం విడివిడిగా తాగరు.

ఆ ఉదయం బింబం నడుమ చిన్న చుక్క కనిపిస్తే గీసేసింది.

“ఏమయ్యా మరిదీ, కొత్తది పుట్టింది. నీ యంత్రం నిద్రపోతోందా?”

“అక్కడ క్షేత్రమే లేదు వదినా. దుమ్మయి ఉంటుంది.”

దుమ్మో మచ్చో తేల్చుకోవడానికి వీళ్ళు దూరదర్శిని గొట్టాన్ని కాస్త తడతారు. బింబంతోపాటు కదిలితే మచ్చ, లేకపోతే దుమ్ము. ఆవిడ తట్టింది. సూర్యుడు జరిగాడు, చుక్క జరగలేదు. గొణుక్కుంటూ కటకం తుడిచింది. పోలేదు. విసుగొచ్చి గోడకేసి చూస్తే చుక్క అక్కడా ఉంది. కుడి కన్ను మూస్తే మాయమైంది.

ఈ మాట పొక్కితే పెన్సిలు చేజారినట్టే. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. అయినా ఆ చుక్క చెరిపేసి, పక్కగది గుమ్మంలో నిలబడింది.

“అది సూర్యుడి మీద లేదయ్యా. నా కంట్లో ఉంది.”

గెలిచానని మరిది గంతులేయలేదు. బండి తాళాలు తీశాడు. “ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి పద వదినా.”

“బొమ్మ సగంలో ఉంది. నువ్వు పూర్తి చెయ్యి, వెళ్దాం.”

చెమటలు కక్కుతూ గీశాడు. పెన్సిలు ఆవిడకందించి, “సంతకం మాత్రం నువ్వే పెట్టు” అన్నాడు.

“నేను చూడని మచ్చలకు నా సంతకమేంటి? నీ పేరే రాయి.”

ఎప్పుడూ ఆవిడ పేరుండే చోట అతను తన పేరు రాశాడు. ఆవిడ కుడి కన్ను మూసుకుని కాగితం మీదికి వంగింది.

“ఆ పెద్దది వంకరగా గీశావు” అంది. అంతలోనే ఏడ్చేసింది.