లింగరాజు గారు సేకరించిన అభ్యంతరాలు

రాజాం ధాన్యం వర్తకులు లింగరాజు గారు ఇక లేరన్న వార్త మంగళవారం ఉదయం ఫోనులో విన్నప్పుడు, ఆయన సేకరించిన కాగితాల కట్టే నా చేతిలో ఉంది. గుండెపోటట. ముందురోజు సాయంత్రమే "మేస్టారూ, రేపు ఆకరి ఊరు. మీరు కలంలో సిరా నింపుకోండి, సాలు" అన్న ఆ కంఠం ఆగిపోయిందని నమ్మడానికి నా మనసు సమ్మతించలేదు.

విశ్రాంత ఉపాధ్యాయుణ్ణయిన నాకు ఆయనతో పరిచయం పాతదే. సాహచర్యం మాత్రం ఈ చివరి మాసాలది. పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని సమీక్షిస్తున్నామనీ, గడువులోగా ప్రజలు అభిప్రాయాలు తెలుపవచ్చుననీ ప్రభుత్వం ప్రకటించింది. ప్రకటన ఇంగ్లీషులో ఉంది, వెబ్‌సైటులో ఉంది. మా వైపు గెడ్డ అని పిలిచే వాగు నీటితో వరి పండించే రైతుకు అదెలా చేరుతుందో ఎవరూ యోచించలేదు. నీటిని కలుషితం చేసినవారికి జైలుశిక్ష తొలగించి జరిమానాతో సరిపెట్టాలన్నది అందులోని ఒక ప్రతిపాదన. తెలుగు చేసి లింగరాజు గారికి వినిపించాను. ఫ్యాక్టరీల మురికి కలిసిన గెడ్డ నీటితో పండిన ధాన్యాన్ని ఏటేటా కొనలేక తిప్పిపంపిన వర్తకుడాయన.

"కొననని సెప్పినపుడు ఆ రైతు మొకం సూడలేం మేస్టారూ. ఈళ్ళని ఎవలైనా అడిగారా?" అన్నారు.

మరునాటి నుంచి మోపెడ్ మీద కళ్ళాలకు తిరిగారు. తూకం ముగిశాక అక్కడే చతికిలబడి అడగడం ఆయన పద్ధతి. తొలివిడతలో మేమిద్దరం ఒక పొరపాటు చేశాం. దాన్ని దాచడం ఆయన స్మృతికి గౌరవం కాదు. గుప్పెడు గింజలు తీసి బస్తా మొత్తం నాణ్యతను నిర్ణయించే వృత్తి ఆయనది. "అందరి బాదా ఒకటే గదా. ఒకటి బాగా రాయండి, అందరి సేతా వేలిముద్రలేయిద్దుం" అన్నారు. నేనూ నా పాండిత్యమంతా వెచ్చించి ఒక నమూనా రచించాను. ప్రతులు తీయించి, వేలిముద్రలు వేయించి పంపాం. కొన్నాళ్ళకు విచారిస్తే, ఒకే పాఠమున్న పత్రాలన్నిటినీ ఒకే అభిప్రాయంగా పరిగణిస్తామని ఢిల్లీ కార్యాలయంవారు ఫోనులో చల్లగా సెలవిచ్చారు. అంతమంది వేళ్ళు ఒక్క వేలెలా అవుతాయని నేను అరిచాను.

"అరవకండి మేస్టారూ. తప్పు నాది. మనుసుల్ని గుప్పెడు తీసి సూడకూడదు. మళ్ళీ ఎల్తాను."

వెళ్ళారు. ఎండలో, ఆయాసంతో, ఊరూరా. ఈసారి నన్నూ వెంటబెట్టుకుని, ఒక్కొక్కరు చెప్పింది చెప్పినట్టే నాచేత రాయించారు. వాక్యం సరిదిద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపేవారు. నీలమ్మ అనే రైతు ఆయనను ఆటపట్టించిన వైనం నా నోటుపుస్తకంలో ఉంది.

"ఏటి మావా, పోయినసారి వేలేయించుకున్నావు గదా, అరిగిపోనాదేటి?"

"అరగనేదే, అందరితో కలిసిపోనాది. ఈసారి నీ నోటిమాట కావాల."

"నా నోటికి జడిసి మా ఇంటాయనే కళ్ళంకి రాడు. డిల్లీవోలు తట్టుకుంటారేటి?"

నవ్వులు సద్దుమణిగాక ఆమె చెప్పింది: "ఆ నీటితో పండిందే మా పిల్లలికి పెడతన్నాను. జరిమానా కట్టేస్తే నీరు మంచిదైపోతాదా?" నా నమూనాలో అంత బలమైన వాక్యం ఒక్కటీ లేదు.

చివరి ఊరు మిగిలిపోయింది. అంత్యక్రియల మరునాడు, గడువు ముగిసే రోజున, నేనే బస్సులో వెళ్ళాను. కళ్ళంలో నిలబడి, ప్రకటన ఆసాంతం చదివి, సందేహాలుంటే చెప్పమన్నాను. మర్యాదగా విన్నారు. ఎవరూ నోరు విప్పలేదు. ఎండ ఎక్కుతుంటే ఒక వృద్ధుడు లేచి, తువ్వాలు దులుపుకుని, నాతో అన్నాడు:

"బాగా సదివినారు బాబూ. లింగరాజయితే అడిగీవోడు."

సాయంత్రం రాజాం వచ్చి, ఉన్న కాగితాలన్నీ నెట్ సెంటరు నుంచి పంపించాను. అందినట్టు జవాబు ఇంకా రాలేదు. చివరి ఊరి పేరుకు ఎదురుగా నా పుస్తకంలో ఏమీ లేదు. నాకు రాయడం వచ్చు, చదవడం వచ్చు. ఆ పేజీ నింపడానికి అవి చాలలేదు. లింగరాజు గారూ, మీకు నా జోహారు.