చేతులు ఒళ్ళో పెట్టుకుని

ఇడ్లీ పాత్ర మూత తీయగానే ఉడికిన చిలగడదుంపల తీపి వాసన వంటిల్లంతా నిండింది. ఒక ముక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూశాను. మెత్తగా అణిగింది. ఎనిమిది నెలల కొడుకును చంకనేసుకుని పక్కనే నిలబడ్డ మా తమ్ముడి భార్య శిరీష అనుమానంగా చూసింది. "అంత ముక్క వాడి చేతికిస్తారా వదినా? గొంతులో పడితే?" అంది. ఏడేళ్ళ క్రితం నేనూ సరిగ్గా ఇదే ప్రశ్న అడిగాను. అప్పుడు నాకు జవాబు చెప్పినావిడ ఇప్పుడు లేరు. ఇలా ముక్క నొక్కి చూసే అలవాటు మాత్రం నా వేళ్ళకి వదిలి వెళ్ళారు.

ఆవిడ సుగుణమ్మ గారు. పటమటలో మేం అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఉండేవారు. కంకిపాడు దగ్గర ఒక పల్లెలో చాలా ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం భర్త పక్కన చర్చికి వెళ్ళేటప్పుడు తప్ప ఆవిడ తీరుబడిగా నడవడం నేను చూడలేదు. మొహమాటం అనేది ఆవిడకి తెలియదు. మెట్ల దగ్గర ఎదురైతే చాలు, "ఇంత ఎండలో పిల్లకి ఆ ఊలు టోపీ ఏంటమ్మాయ్" అనో, "జుట్టు కళ్ళల్లో పడతంది, చూసుకో" అనో అనకుండా వదిలేవారు కాదు. మొదట్లో ఆవిడంటే నాకు కొంచెం భయం, చాలా ఒళ్ళుమంట. అడిగానా ఈవిణ్ణి, అనుకునేదాన్ని.

మా అమ్మాయి మేఘనకి ఎనిమిదో నెలలో నేనొక పొరపాటు చేశాను. పచ్చి ఆపిల్ ముక్క దాని చేతికిచ్చాను. కొత్తగా వచ్చిన పళ్ళతో కొరికిన ముక్క గొంతుకి అడ్డంపడి, పిల్ల నోట శబ్దం ఆగిపోయింది. మావారు బోర్లా తిప్పి వీపు మీద కొడితే ముక్క బయటపడింది. ఆ కాసేపట్లో నా ప్రాణం పోయి వచ్చింది. ఆ రోజు నుంచి మిక్సీలో తిప్పనిదేదీ దాని నోటిదాకా వెళ్ళనివ్వలేదు. అన్నం, పప్పు, కూర, చివరికి ఇడ్లీ కూడా పాలు పోసి రుబ్బేసేదాన్ని. పదకొండో నెల వచ్చేసరికి పిల్లకి ఆ ముద్ద మీద విరక్తి పుట్టింది. గిన్నె కనబడితే మొహం తిప్పేసేది. ఫోన్లో పాటలు పెట్టి, అది ఏమరుపాటున నోరు తెరిచినప్పుడు స్పూను దూర్చేవాళ్ళం. రెండు నెలలుగా బరువు పెరగలేదు. డాక్టరు గారు కార్డు చూసి, "ఇంక నమలడం అలవాటు చెయ్యాలమ్మా, ఆలస్యమైతే మరీ కష్టమవుతుంది" అన్నారు. నాకు సెలవు ఐదు వారాలే మిగిలింది. ఆ తర్వాత పొద్దున్నే బస్సెక్కి మంగళగిరిలో మా కాలేజీకి పోవాలి. తిండి తినని పిల్లని వదిలి ఎలా వెళ్ళాలో తెలియక, ఉద్యోగం మానేద్దామా అని కూడా ఆలోచించాను.

ఒక మధ్యాహ్నం సుగుణమ్మ గారు పైకొచ్చారు. "పొద్దుట్నుంచి మూడుసార్లు మోగింది మిక్సీ. హోటలేమన్నా పెట్టావా?" అన్నారు. నేను కోపం తెచ్చుకోబోయి ఏడ్చేశాను. అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. ఓదార్చలేదు కూడా.

"పచ్చి ఆపిల్ ఇవ్వడం తప్పే. గట్టివి ఉడికించి ఇవ్వాలి. ద్రాక్షపళ్ళూ వేరుశనగ్గింజలూ ఇప్పుడసలు వద్దు. అది నీ తప్పు. ఆ తప్పుకి పిల్లకెందుకు శిక్ష, ఎన్నాళ్ళు పోస్తావ్ ఈ జావ?" అన్నారు.

ఆ మాట సూటిగా తగిలింది. మర్నాడు తనే చిలగడదుంప తెచ్చి, నా వేలంత పొడుగు ముక్కలు కోసి ఉడికించారు. పిడికిలితో పట్టుకుంటే కొస బయటికి కనబడాలట, ఉప్పూ పంచదారా తగలకూడదట. "అంత ముక్క చేతికిస్తారా? గొంతులో పడితే?" అన్నాను. "నీ రెండు వేళ్ళ మధ్య అణిగితే దాని చిగుళ్ళ మధ్యా అణుగుద్ది. పిల్లని నిటారుగా కూర్చోబెట్టి ముందు పెట్టు. నువ్వు నోట్లో పెట్టొద్దు. నీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో."

"అంతేనా?" అన్నాను.

"అదే కష్టం. చూస్తావుగా" అన్నారు.

నేను మొండిదాన్ని. సాధించి తీరాలనుకున్నాను. ఆ వారమంతా చిలగడదుంప, ఉడికించిన క్యారెట్, మాగిన చక్కెరకేళి, రోజుకొకటి కోసి పెట్టాను. మేఘన వాటిని చూసేది గాని పట్టుకునేది కాదు. మాకు సాయంగా ఉండడానికి కూచిపూడి పక్క పల్లె నుంచి వచ్చిన మా అత్తయ్య గారు నాకంటే ఎక్కువ బెంగపడ్డారు. "పోనీ జావే పోద్దామమ్మా, పస్తులుంచలేం కదా" అనేవారు. ఎనిమిదో రోజు కిందికి వెళ్ళి, "నా వల్ల కావడం లేదాంటీ" అన్నాను. సుగుణమ్మ గారు వచ్చి గుమ్మంలో కూర్చుని చూశారు.

అరటిపండు ముక్క పెట్టాను. మేఘన ఎడంచెయ్యి చాపింది. అత్తయ్య గారు ముద్దుగానే ఆ ముక్క తీసి కుడిచేతిలో పెట్టారు. పిల్ల జారవిడిచింది. మళ్ళీ ఎడంచెయ్యే చాపింది. ఈసారి నేను తీసి కుడిచేతిలో పెట్టాను. మూడోసారి అది చెయ్యి చాపలేదు, మా మొహాలు చూస్తూ కూర్చుంది. వారం రోజులుగా మేం చేస్తున్నది ఇదే. ఎంత అలవాటుగా చేశామంటే, చేస్తున్నామని కూడా మాకు తెలియలేదు.

"పిల్ల తింటానని చెయ్యి చాపతంది. మీరిద్దరూ లాక్కుంటన్నారు. ఇంకెందుకు చాపుద్ది?" అన్నారు సుగుణమ్మ గారు.

"ఎడంచేత్తో అన్నం తింటే ఎలాగండీ? ఆడపిల్ల. రేపు నలుగురిలో కూర్చుంటే ఏమనుకుంటారు?" అన్నారు అత్తయ్య గారు.

సుగుణమ్మ గారు వాదించలేదు. "రేపు మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రండి, పిల్లని తీసుకుని" అని దిగి వెళ్ళిపోయారు.

ఆవిడ భర్త ప్రకాశరావు గారు ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేసేవారు. అక్కడే కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. ఆ సంగతి తెలుసుగాని, ఆయన తినగా మేం ఎప్పుడూ చూడలేదు. మేఘన అన్నప్రాశనకి పిలిస్తే వచ్చి, దీవించి, "ఇంటికెళ్ళి తింటానమ్మా" అని భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయారు. నేను కొంచెం నొచ్చుకున్నాను కూడా. ఆ మధ్యాహ్నం ఆయన మా ఎదురుగా కూర్చుని ఎడంచేత్తో పప్పన్నం కలిపారు.

"దెబ్బ తగిలాక ఈయన నలుగురిలో తినడం మానేశారు. నెల్లాళ్ళు నేనే తినిపించా. ఓ రోజు కంచం ముందు పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. మధ్యాన్నం పెట్టిన కంచం సాయంత్రానికి ముట్టుకున్నారు" అన్నారు సుగుణమ్మ గారు.

"అన్నం ఎండిపోయిందనుకోండి. అయినా ఆ రుచి మళ్ళీ తగల్లేదు" అని ఆయన నవ్వారు.

మేఘన ఆయన చెయ్యి కంచం నుంచి నోటికి వెళ్ళడం కళ్ళార్పకుండా చూస్తోంది. దాని ముందు చిలగడదుంప ముక్కలున్నాయి. ఎడంచేత్తో ఒకటి పట్టుకుంది. నా చెయ్యి దానంతటదే లేచింది. సుగుణమ్మ గారు నా వైపు చూశారు. దించి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన అత్తయ్య గారు పైటకొంగు వేళ్ళకి చుట్టుకుని గట్టిగా పట్టుకున్నారు.

పిల్ల కొరికింది. వెంటనే ఓకరించింది. మొహం ఎర్రబడింది, దగ్గింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను సగం లేచాను.

"కూర్చో. శబ్దం వస్తందిగా? దగ్గినంతసేపు తనే బయటికి నెట్టుకుంటది. శబ్దం ఆగితే అప్పుడు లేద్దాం. నేనూ చూస్తానే ఉన్నా" అన్నారు సుగుణమ్మ గారు.

ముక్క బయటపడింది. మేఘన దానికేసి కాసేపు చూసి, మళ్ళీ తీసి నోట్లో పెట్టుకుంది. రెండు ముక్కలు తింది. జీవితంలో నేను చేసిన అతి కష్టమైన పని ఆ రోజు ఏమీ చెయ్యకుండా కూర్చోవడమే.

తర్వాత అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. పెసరపప్పులో తోటకూర కలిపి వేసిన చిట్టి ఇడ్లీలు, మెత్తటి అట్టు చీలికలు సగం నేల మీదికి, సగం జుట్టులోకి పోయేవి. కొన్ని రోజులు అసలేమీ తినేది కాదు. "తినలేదని పిల్ల ముందు అనొద్దు. రేపు తింటది" అనేవారు సుగుణమ్మ గారు. నేను పళ్ళ బిగువున ఆగేదాన్ని. నాలుగు వారాలకి బరువు కొద్దిగా పెరిగింది. ఫోను పాటలు లేకుండా తినడం మొదలైంది. నేను కాలేజీకి బయల్దేరిన రోజు అత్తయ్య గారు పిల్లని కూర్చోబెట్టి, అరటిపండు ముక్కలు ముందు పెట్టి, "నువ్వెళ్ళమ్మా. నా చేతులు ఒళ్ళోనే ఉంటాయిలే" అన్నారు. బస్సులో మంగళగిరి వచ్చేదాకా ఆ మాటే తలుచుకున్నాను.

రెండేళ్ళ క్రితం సుగుణమ్మ గారు పోయారు. ఆవిడ జ్ఞాపకార్థ కూడికకి వెళ్ళాం. ప్రార్థన అయ్యాక భోజనాలకి కూర్చుంటే, ప్రకాశరావు గారు అందరితో పాటు బంతిలో కూర్చున్నారు. ఆయన పక్కన మేఘన చోటు చేసుకుని కూర్చుంది. వడ్డించే అబ్బాయి, "కుడిచేత్తో తినాలి పాపా" అనబోయి, ఆయన విస్తరి చూసి ఆగిపోయాడు. ఇద్దరూ ఎడంచేత్తో అన్నం కలుపుకున్నారు. అది చూడ్డానికి ఆవిడ ఉంటే బాగుండునని నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు మా మేనల్లుడు నిటారుగా కూర్చుని ముక్కని పిడికిట్లో పట్టుకున్నాడు. కొరికాడు. ఓకరించాడు. మొహం ఎర్రబడింది. శిరీష చేతులు గాల్లోకి లేచాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా నావీ లేచాయి.

"శబ్దం వస్తోందిగా" అన్నాను. నా చేతులు తన చేతుల మీద వేసి, నాలుగింటినీ తన ఒళ్ళోకి దించి పట్టుకున్నాను.